ఒడ్డున పదకొండో చెట్టు

గంభీరావుపేట బస్సులో కండక్టర్ నాకు టికెట్ కొట్టడానికి వంగినప్పుడు, ఆయన మెడలో వేలాడే ఐడీ కార్డు కవర్ తిరగబడింది. కార్డు వెనకాల ఒక ఫోటో దూర్చి ఉంది. పాస్‌పోర్ట్ సైజు, చుట్టూ తెల్లంచు. అందులో మనిషి లేడు. తడి ఇసుక మీద ఒక నత్త, దాని వెనక అది నడిచొచ్చిన జాడ.

ఆ ఫోటో ప్రింటు కొట్టింది నేనే.

“అన్నా, గీ ఫోటో ఏడిది?” అని అడిగాను.

“ఒక పెద్దాయన ఇచ్చిండక్కా. కుంటుకుంట బస్సెక్కేటోడు. జేబుల పెట్టుకో, మంచిగుంటది అన్నడు. నత్త ఫోటో ఏం జేసుకోవాలె? కని పారెయ్యబుద్ధి గాలె.” నవ్వాడు. “ఈ మధ్య కనవడ్తలేడు. పానం మంచిగున్నదా?”

“పోయిన వానకాలంల పోయిండన్నా. జెరమొచ్చి.”

“అయ్యో” అని కార్డు కవర్ తిప్పి ఫోటో మళ్లీ చూసుకున్నాడు. వెనక సీటువాళ్లు పిలిస్తే వెళ్లిపోయాడు. ఆ పెద్దాయన చనిపోయినప్పుడు నేను సరిగ్గా ఏడవలేదు. పెళ్లిళ్ల పనుల్లో తీరిక దొరకలేదు. ఆ రోజు బస్సులో, అందరూ చూస్తుండగా, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను.

నాది సిరిసిల్లలో ఫోటో స్టూడియో. అటూ ఇటూ సాంచల షెడ్లు, పొద్దంతా మరమగ్గాల మోత. మా వీధిలో మామూలు మాట కూడా కేకలాగే ఉంటుంది, ఎవరికీ ఎవరి మీదా కోపం ఉండదు. నేనూ మా ఆయనా కలిసి పెళ్లిళ్లు తీస్తాం, మిగతా రోజుల్లో పాస్‌పోర్ట్ ఫోటోలు కొడతాం. గల్ఫ్‌కి పోయేవాళ్లు ఉన్నంతకాలం ఆ పని ఆగదు.

ఒక మధ్యాహ్నం ఆ పెద్దాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. ముఖం చూస్తే ముసలాయనే గానీ భుజాలు మాత్రం ముప్పై ఏళ్లవాడివి. ఎడమ కాలు ఈడుస్తూ మెట్లెక్కాడు. చొక్కా గుండీ ఊడిన చోట ఛాతీ మీది తోలు మొద్దుబారి నల్లగా కనబడుతోంది. తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్లకు అలా ఉంటుందని మా దగ్గర ఎవరికైనా తెలుసు.

“పాస్‌పోర్ట్ సైజు కొట్టియ్యాలె బిడ్డా.”

స్టూలు జరిపాను. లైట్లు వేశాను. దువ్వెన ఇచ్చాను, పౌడరు డబ్బా చూపించాను. ఆయన దువ్వెన తీసుకుని, మర్యాదగా అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

“నాకు గాదు. గీనికి.”

ఫోన్ తీశాడు. వాళ్ల బిడ్డ వాడి వదిలేసిన ఫోన్. అద్దం అంతా పగుళ్లే. ఆ పగుళ్ల వెనక నత్త.

“నత్తకు పాస్‌పోర్ట్ ఎందుకు కాకా? దుబాయి పోతదా?”

నవ్వుతాడనుకున్నాను. చాలా శ్రద్ధగా ఆలోచించి జవాబు చెప్పాడు. “యాడికి పోతది బిడ్డా. పొద్దుగాల్లకెల్లి పొద్దుమూకేదాన్క సూసిన. నాలుగు మూరలు పోయింది. గంతకే దానికి ఆయాసం.”

బయట ముగ్గురు కస్టమర్లు కూర్చుని ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంత చిన్న సైజులో నత్త ఏం కనబడుతుంది, పెద్దది కొట్టిస్తా గోడకు పెట్టుకో అన్నాను.

“వద్దొద్దు. గోడకు తగిలిచ్చేది సచ్చినోళ్లను. ఫోటో అంటె జేబుల వట్టాలె.”

ఇంక వాదించే ఓపిక లేక కొట్టిచ్చాను. షీటుకు ఎనిమిది. ఎనిమిది నత్తలనూ కత్తిరించి, చిన్న కవర్‌లో వేసి ఇస్తుంటే నా మీద నాకే నవ్వొచ్చింది. కవర్ తెరిచి ఒక నత్తను తీసి నా చేతిలో పెట్టి, “గిది నీకు” అన్నాడు. నేను కొట్టిన ఫోటో నాకే బహుమతి.

తర్వాత వారం ఎండ్రకాయ వచ్చింది. ఆ తర్వాత ఆల్చిప్ప లోపలి రంగు. ఆ తర్వాత తడి మట్టిలో కొంగ నడిచిన గుర్తులు, చేప పొలుసు మీద ఆగిన ఎండ, నీళ్లు వెనక్కి పోతూ వదిలేసిన నాచు చార. అన్నీ పాస్‌పోర్ట్ సైజే. చాయ్ హోటల్ ఆయనకు ఒకటి, మందుల షాపులో ఒకటి, కాలికి కట్టు కట్టిన నర్సమ్మకు ఒకటి. పుచ్చుకున్నవాళ్లు వెర్రిముఖం పెట్టేవాళ్లు. ఆయన మాత్రం ఎదురుగా నిలబడి వాళ్లు జేబులో పెట్టుకునేదాకా కదిలేవాడు కాదు. పారేస్తారేమోనన్న అనుమానం ఉన్నట్టు కనబడేది కాదు. అంత మంచి ఫోటోను ఎవరైనా ఎందుకు పారేస్తారని ఆయన ధీమా.

ఫోటోలు బాగుండటమే నాకు కడుపుమంట. దాచుకోవడం దేనికి, చెప్పేస్తున్నా. ఒక్కో పెళ్లికి వేల ఫోటోలు తీస్తాను నేను. ఖరీదైన కెమెరా, గొడుగు లైట్లు. వాటిలో ఒక్కదానిలో కూడా ఆ నత్త మీదున్నంత వెలుగు ఉండేది కాదు. పగిలిన ఫోన్‌తో ఈ ముసలాయన ఎట్లా తీస్తున్నాడో చూసి తేల్చుకుందామని ఎండాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున్నే ఆయన వెంట బయల్దేరాను.

గంభీరావుపేట దాటాక ఎగువ మానేరు జలాశయం. ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు రోజుకింత వెనక్కి పోతాయి. పోయిన చోటల్లా ఇసుక, నల్లమట్టి, గులకరాళ్లు బయటపడతాయి. దాన్ని బీచ్ అంటారని ఎవరో చుట్టాలబ్బాయి చెప్పాడట. అప్పటినుంచీ ఆయనకు అదే మాట. “బీచ్‌కు పోతున్న” అని ఇంట్లో చెప్పి బయల్దేరేవాడు. ఊళ్లోవాళ్లకు అది మంచి వేడుక. “కాకా, బీచ్‌ల ఏం కనవడ్డది ఇయ్యాల?” అని అరుగు మీదినుంచి అడిగితే, “నీ మొకం తప్ప అన్ని కనవడ్డయ్” అని ఆగకుండా సాగిపోయేవాడు.

ఒడ్డు రాగానే చెప్పులు విడిచాడు. నన్నూ విడవమన్నాడు.

“పదిహేను చెట్లున్నయ్. జర జల్ది నడువు బిడ్డా.”

చుట్టూ చూశాను. కనుచూపు మేరలో ఒక్క చెట్టు లేదు. ఈయనకు ఎండ తలకెక్కిందా అనుకున్నాను. అసలు సంగతి నడుస్తుంటే అర్థమైంది. ఆయన వంతుకు ఒకప్పుడు పదిహేను తాటిచెట్లు ఉండేవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒకటో చెట్టు నుంచి పదిహేనో చెట్టుదాకా అదే వరుసలో ఎక్కి దిగేవాడు. అప్పటికి నాలుగేళ్ల కింద చెట్టు మీదినుంచి పడ్డాడు. మంచం మీదినుంచి లేచాక కాళ్లు అదే వేళకు గుంజడం మొదలుపెట్టాయి. ఎక్కే యోగం లేదు కాబట్టి ఒడ్డు పట్టుకున్నాడు. నీళ్లలోకి చొచ్చుకుపోయిన బండ ఒకటో చెట్టు. ఎండ్రకాయ బొక్కలు మూడోది. ఆల్చిప్పలు కుప్పపడే మలుపు ఏడోది. ఇలా పదిహేను చోట్లు, వరుస తప్పడానికి వీల్లేదు.

“కాకా, అటు సూడు, కొంగ!” అని నేను ముందుకు ఉరికితే కసురుకున్నాడు.

“అది తొమ్మిదో చెట్టు కాడిది. మనమింక ఆరో చెట్టు కాడున్నం. నడిమిట్ల దునుకుతె ఎట్ల?”

తీసేటప్పుడు చూడాలి ఆయన్ని. వంగని కాలును పక్కకు చాపి, రెండో మోకాలి మీద ఆని, ముఖం దాదాపు ఇసుకకు తగిలేలా వంగేవాడు. ఊపిరి బిగబట్టేవాడు. నా నీడ పడితే, “జర అవతలికి జరుగు. దాని ఎండ దానికియ్యి” అనేవాడు. ఎండ కోసం, గాలి ఆగడం కోసం ఎంతసేపైనా కాచుకునేవాడు. ఒక్కసారి నొక్కేవాడు. ఎలా వచ్చిందో కూడా చూసుకోకుండా ఫోన్ జేబులో వేసేవాడు.

“ఇంకోటి తియ్యి కాకా. కదిలిందేమో.”

“గెలకు పొద్దుకు ఒక్కటే గీత గియ్యాలె బిడ్డా. ఆశపడి రెండు గీస్తె కల్లు బందైతది.”

“ఇది కల్లు గాదు గదా!”

“గా సంగతి దానికెట్ల ఎర్క?” అని ఎండ్రకాయను చూపించాడు. అది అప్పటికే బొక్కలోకి దూరింది.

ఏదీ చేత్తో ముట్టేవాడు కాదు. లోపల ఇంద్రధనుస్సు రంగులున్న ఆల్చిప్ప ఒకటి నచ్చి బ్యాగులో వేసుకోబోయాను. “ఆడ పెట్టు” అన్నాడు. గొంతులో నవ్వు లేదు. “రేపు నేనొచ్చి దాన్ని యాడ ఎతుక్కోవాలె?” దొంగతనం చేస్తూ దొరికినట్టు తల దించుకుని, తీసిన గుంటలోనే దాన్ని బోర్లా పెట్టాను. అట్లా కాదని వెల్లకిలా పెట్టించాడు.

నెల తిరక్కముందే స్టూడియోకు రాళ్ల ఫోటో తెచ్చాడు.

“పదకొండో చెట్టు కాడ తీసిన. గీ నాలుగు రాళ్లు సూడు, ఎవలో పేర్చినట్టున్నయ్. కొసలన్ని నడిమిట్లకే ఉన్నయ్. ఇంకొక ఇచ్చంత్రం, ఎండిన ఇసుక మీద నీళ్ల సుక్కలు పడి ఉంటున్నయ్. వాన లేదు, మనిషి లేడు. నీళ్లకెల్లి గా రాళ్ల దాన్క వరుసగ సుక్కలు.”

కంప్యూటర్‌లో పెద్దది చేశాను. మట్టి రంగు మీద నల్లటి మరకలు. మామూలు గులకరాళ్ల మధ్య ఆ నాలుగూ మాత్రం నున్నగా, ఒక కొస సన్నగా ఉన్నాయి.

“కాకా, ఇవి రాళ్లు గావు. గుడ్లు.”

ఆయన ముఖం పాలిపోయింది. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. “మూడు రోజులసంది గా పక్కపొంటే నడుస్తున్న” అన్నాడు మెల్లగా. “కాలు పెట్టేటోన్ని బిడ్డా. చెట్టు మీద గూడుంటె కిందికెల్లే చెప్పేటోన్ని, ఏ పిట్టది, ఎన్ని దినాలైందని. పుట్టి బుద్ధెరిగినసంది మీదికే సూసిన. నేల మీద గుడ్లుంటయని నా మొకానికి ఎర్కలే.”

తీతువ పిట్టవి ఆ గుడ్లు. పొడుగు కాళ్లు, కళ్ల పక్కన ఎర్రతోలు, మనిషి కనబడితే చాలు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. మా దగ్గర దాని అరుపు వింటే తూ తూ అని ఉమ్మేస్తారు, ఇంటి మీదినుంచి అరుస్తూ పోతే ఎవరికో మూడిందంటారు. నీళ్ల చుక్కల గుట్టు కూడా మర్నాడు ఆయనే కనిపెట్టి ఫోన్‌లో అరిచి చెప్పాడు. “పిట్ట నీళ్లల్ల కూసోని కడుపు నానవెట్టుకుంటుంది బిడ్డా! ఆ తడి తెచ్చి గుడ్లకు పెడ్తుంది, ఎండకు ఉడుకుతయని!” ఆ గొంతులో అంత సంబరం నేను పెళ్లికూతురి తండ్రుల దగ్గర కూడా వినలేదు.

సంబరం వారం రోజులే. మానేరు ఎండితే రైతులు నల్లమట్టిని ట్రాక్టర్లలో పొలాలకు కొట్టుకుంటారు. తప్పేం లేదు, ఏటా జరిగేదే. నీళ్లు జరిగినకొద్దీ ట్రాక్టర్ల బాట కూడా జరుగుతుంది. ఆ పొద్దున ఆయన ఫోన్ చేశాడు.

“బాట ఇటే అస్తున్నది బిడ్డా. రేపు పదకొండో చెట్టు మీదికెల్లే పోతదట.”

“గుడ్లు తీసి అవతల పెట్టు కాకా, అయిపోతది.”

“చెట్టును జరుపుతరా ఎవలన్న? పిట్ట ఆడికే అస్తది. ఆడ లేకుంటె ఒర్రి ఒర్రి సస్తది.”

“మరేం జేస్తవ్?”

“ఆపుత.”

అంతే, ఫోన్ పెట్టేశాడు. కుంటి మనిషి, ట్రాక్టర్ ముందు పడుకుంటాడేమో, పట్టిన పట్టు విడిచే రకం కాదు. మర్నాడు స్టూడియో మా ఆయనకు వదిలేసి పొద్దున్నే వాళ్లింటికి పోయాను. అప్పటికే ఇంట్లో గొడవ మొదలైంది.

గోడకు కొట్టిన చిలుక్కొయ్య మీదినుంచి మోకు దించుతున్నాడు కాక. మోకు అంటే చెట్టునూ మనిషినీ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. కల్లుగీసేవాడి ప్రాణం దాని మీదే ఉంటుంది. దాన్ని ఎవరూ దాటరు. పొరపాటున కాలు తగిలితే వంగి కళ్లకద్దుకుంటారు. మోకును తొక్కితే చెట్టు మీదున్నవాడు పడతాడని మా వైపు గట్టి నమ్మకం. పడ్డనాటి నుంచి ఆయన దాన్ని ముట్టింది లేదు. పడ్డ సంగతి కూడా ఎన్నడూ ఎత్తేవాడు కాదు.

వాళ్లావిడ, నేను చిన్నమ్మా అనేదాన్ని, గుమ్మానికి అడ్డం నిలబడింది.

“చెట్టెక్కుతవా?”

“ఎక్క.”

“మరెందుకు గది?”

“దరి మీద పరుస్త. గుడ్ల చుట్టు.”

“ఏందే!” ఆమె నా వైపు తిరిగింది. “నువ్వన్న చెప్పు బిడ్డా. ముప్పై ఏండ్లు దీనికి పసుపు కుంకుమ పెట్టిన నేను. అరిష్టపు పిట్ట గుడ్లకోసం బాటల ఏస్తడట. నలుగురు తొక్కాలెనా మోకును?”

“తొక్కనియ్య” అన్నాడు కాక.

“తొక్కితె?”

“తొక్కరు.”

ఆమె పక్కకు జరిగింది. “టోపి పెట్టుకో, ఎండున్నది” అని మాత్రం అంది, కళ్లు ఒత్తుకుంటూ.

పదకొండో చెట్టు దగ్గర పిట్ట మా నెత్తి మీదే తిరుగుతూ అరిచింది. తలకు తగిలేంత కిందికి దిగింది. ఆయన లెక్కచేయకుండా గుడ్ల చుట్టూ మోకును గుండ్రంగా పరిచాడు. ముడి ఉన్న వైపు నీళ్లకు ఎదురుగా పెట్టాడు. తర్వాత ఇరవై అడుగుల దూరం వచ్చి, నన్ను వెనక కూర్చోబెట్టి, తను బాట మధ్యలో కూర్చున్నాడు.

మొదటి ట్రాక్టర్ వచ్చింది. నడిపేది యాభై ఏళ్ల రైతు, కాకను బాగా ఎరిగినవాడే.

“ఏందే, బాటల కూసున్నవ్? బీచ్ ఇయ్యాల ఈడికొచ్చిందా?”

“అటు సుట్టు తిరిగి పో.”

“అటు బురదున్నది, దిగవడ్తది. లే జల్ది.”

కాక లేచి పక్కకు జరిగాడు. అప్పుడు కనిపించింది రైతుకు, బాట మధ్యలో చుట్టగా మోకు. బండి ఆపాడు.

“మోకు తియ్యి.”

“నువ్వే తియ్యి.”

“నేనెట్ల తీస్తనే?”

“అయితె తొక్కి పో.”

రైతు దిగి దగ్గరికి వచ్చి చూశాడు. పిట్ట ఆయన మీదికి దూకింది. “తీతువ గుడ్లకా గింత కత? అది ఒర్రితేనే మంచిది గాదు.”

“ఉత్తగ ఒర్రితేనే మంచిది గాదంటివి. గుడ్లు తొక్కితె ఎంత ఒర్రుతదో ఆలోచన జెయ్యి.”

“మోకు తొక్కితె పడ్తరంటరు గద కాకా. ఎందుకు పెట్టినవ్ నా ముంగట?”

“నేనైతె పడ్డ. నా వంతు అయిపోయింది. ఇగ తొక్కితె ఎవలు పడ్తరో నాకు ఎర్కలే.”

రైతుకు రోషం వచ్చింది. “వానలు పడేలోపల మట్టి కొట్టుకోవాలె మేము. నీకేం, పని లేదు పాట లేదు.”

ఆ మాట సూటిగా తగిలింది, నాకే తగిలింది. కాక ముఖం మాత్రం కదలలేదు. “గిదే నా పని” అన్నాడు. అరవలేదు, బతిమాలలేదు. రైతు ఆయన్నీ మోకునూ మార్చి మార్చి చూసి, నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతూ బండి వెనక్కి తిప్పాడు. వెనక వచ్చిన ట్రాక్టర్లు ఆయన వెంటే తిరిగాయి. మధ్యాహ్నానికి ఆ రైతే బురదలో రాళ్లు పోసి కొత్త బాట వేశాడు, తిట్లు మాత్రం ఆపలేదు.

గెలిచామనుకుని చప్పట్లు కొట్టబోయాను. తీరా చూస్తే పిట్ట గుడ్ల దగ్గరికి రావడం లేదు. మోకును పామనుకుందో ఏమో, దూరంగా నిలబడి అరుస్తోంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇసుక మీద అరికాలు పెట్టలేకపోతున్నాం. ఆ వేడిలో నాలుగు గుడ్లు. గంట గడిచింది. నాకు పట్టరాని కోపం వచ్చింది.

“నువ్వు కాపాడలే కాకా, సంపినవ్” అనేశాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఇంకా వెనక్కి, మట్టి దిబ్బ చాటుకు తీసుకుపోయాడు. ఇద్దరం బోర్లా పడుకున్నాం. ఆయన పెదవులు ఎండిపోయాయి, చూపు తిప్పలేదు. ఎంతసేపటికో పిట్ట నీళ్లలో కూర్చుని లేచింది. కడుపు కారుతుండగా మోకు చుట్టూ ఒక చుట్టు నడిచింది. ఆగింది. ఒక్క గెంతు గెంతి లోపలికి వెళ్లి గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. కాక నుదురు ఇసుకకు ఆనించాడు.

“నోరు జారింది కాకా” అన్నాను.

“ఎండల జార్తది. నీళ్లు తాగు” అని సీసా నా వైపు తోశాడు.

ఆ తర్వాత రెండు వారాల పైన ఆయన పొద్దున్నా సాయంత్రం తన పదిహేను చెట్లూ తిరుగుతూనే ఉన్నాడు. పదకొండో చెట్టును మాత్రం దూరం నుంచే తీసేవాడు. ఆ ఫోటోల్లో ఒక సున్నా, అందులో ఒక చుక్క తప్ప ఏమీ కనబడేది కాదు. అవి కూడా ఎనిమిదేసి కొట్టించి పంచాడు.

ఆ రోజు మాకు కోరుట్లలో రిసెప్షన్ ఉంది. లైట్లు బండిలో సర్దుతుండగా ఫోన్. “లోపట్నుంచి కొడ్తున్నయ్ బిడ్డా! పెంకు పగుల్తున్నది!” నేను కెమెరా మెడలో వేసుకుని, సాయంత్రానికి కోరుట్ల అందుకుంటానని మా ఆయనతో చెప్పాను. “పిట్టపిల్లల కోసం పెండ్లి ఇడిచిపెడ్తవా?” అన్నాడు. “పెండ్లికొడుకు యాడికి పోడు గని, నువ్వు నడువు” అని గంభీరావుపేట బస్సెక్కాను.

నేను పోయేసరికి దిబ్బ చాటున బోర్లా పడుకుని ఉన్నాడు. మూడు పిల్లలు అప్పటికే ఆరిపోయి, దూది ఉండల్లా, కాళ్లు మాత్రం పొడుగ్గా లేచి తిరుగుతున్నాయి. తల్లి మోకు అవతలికి పోయి పిలిచింది. ఇసుక మేట వేసి మోకు సగం కూరుకుపోయిన చోట ఒకదాని వెనక ఒకటి మూడూ దాటాయి. నాలుగోది చివర్న పుట్టింది, ఇంకా తూలుతోంది. తల్లి పిలుపు విని తిన్నగా ముడి ఉన్న వైపే పోయింది. మోకు అక్కడ రెండింతలు లావు.

ఎక్కబోయి వెల్లకిలా పడింది. కాళ్లు గాల్లో కొట్టుకుంది. ఎలాగో లేచింది. మళ్లీ ఎక్కి మళ్లీ పడింది. మోకు ఎత్తేద్దామని లేవబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకు ఎముక నొప్పి పుట్టింది.

“ఆగు. మనం పోతె తల్లి బెదిరి పోతది. అదే ఎక్కాలె.”

మూడోసారి పడింది. ఈసారి లేవలేదు. కాక దానితో మాట్లాడటం మొదలుపెట్టాడు, గొణుగుతున్నట్టు. “లే… పైలం… తొందర లేదు. కాలు గట్టిగ తన్ని పెట్టు. ఒళ్లు దగ్గరికి ఒంచు. కిందికి సూడకు.” కొన్నేళ్లుగా ఎవరికీ చెప్పని పని మాటలు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు. “నేను పడ్డనాడు కింద ఎవ్వలు లేకుండె బిడ్డా. ఎండ నడినెత్తికి వచ్చేదాన్క గట్లనే పడి ఉన్న. మీద చెట్టు, మోకు యాలాడుతుండె. ఎవలన్న ఒక్కలు నన్ను సూస్తున్నరని తెలిస్తె సాలు, లేవబుద్ధి అయ్యేది.”

ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఇద్దరం పిల్ల వైపే చూశాం.

అది కదిలింది. కాళ్లు కూడదీసుకుని లేచింది. ముడి దగ్గరికి పోయి, ఈకలైనా రాని రెక్కలు చాపి, ఒక కాలు పెట్టింది, రెండోది పెట్టింది. మోకు మీద నిలబడింది. ఊగింది. ఫోన్ ఆయన జేబులోనే ఉంది, కెమెరా నా మెడలోనే ఉంది. ఇద్దరిలో ఎవరికీ చెయ్యి ఆడలేదు. ఆయన ఊపిరి తీయడం లేదు. పిల్ల అవతలి వైపుకు జారి, రెండు కాళ్ల మీద దిగి, ఉరికి తల్లి కడుపు కింద దూరింది.

ఆయన కళ్ల నిండా నీళ్లు. తుడుచుకోలేదు.

“ఎక్కింది బిడ్డా” అన్నాడు. “సుకంగ దిగింది.”